చెల్లని సర్టిఫికెట్ల సారు

గద్వాలలో సర్టిఫికెట్ అందుకునే ముందు చేతులు కడుక్కోమనే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన శ్రీశైలం సారు. పాత బస్టాండు ఎదురుగా, మందుల దుకాణం పైఅంతస్తులో ఆయన కంప్యూటర్ సెంటర్. మూడు నెలల కోర్సు, ఆరు నెలల కోర్సు, ఏడాది కోర్సు. పరీక్షలయ్యాక హైదరాబాద్‌లోని ఒక సంస్థ నుంచి సర్టిఫికెట్లు పోస్టులో వచ్చేవి. ఆ వచ్చే ఆదివారం పొద్దున సారు పిల్లలందర్నీ పిలిచేవాడు. బయట బకెట్టు, సబ్బు పెట్టి ఉండేవి. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వరుసగా కూర్చోవాలి. అప్పుడు సారు లామినేషన్ మిషన్ స్విచ్ వేసేవాడు.

అది వేడెక్కడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ ఉపన్యాసం తప్పదు. తర్వాత ఒక్కొక్కరి పేరే పిలిచి, వాళ్ల సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవరులో దోపి, మిషన్ నోటికి అందించేవాడు. అటువైపు నుంచి అది తళతళలాడుతూ, పెనం మీది అప్పడంలా వేడివేడిగా బయటికి వచ్చేది. పిల్లలు దాన్ని చెంపకు ఆనించుకుని నవ్వుకునేవారు. బజారులో ఈ పనికి పైసలు తీసుకుంటారు. సారు తీసుకోడు.

"ఇగ వాన రానీ, ఎలుక రానీ, చెదలు రానీ. మీరు ముసలోళ్లయినా ఇది ముసలిది గాదు," అనేవాడు.

ఈ పిచ్చికి కారణం లేకపోలేదు. శ్రీశైలం సొంతూరు ధరూరు పక్కన ఒక పల్లె. తండ్రి మల్లయ్య వేరుశనగ పండించేవాడు. కొడుకు పదో తరగతి మార్కుల కాగితాన్ని రేకుపెట్టెలో, బట్టల అడుగున భద్రంగా దాచాడు. భద్రంగా దాచిన చోటికే చెదలు వెతుక్కుంటూ వచ్చాయి. ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగానికి పిలుపు వచ్చిన రోజు పెట్టె తెరిస్తే కాగితం జల్లెడ అయిపోయి ఉంది. నకలు కోసం దరఖాస్తు పెట్టి, కాళ్లరిగేలా తిరిగి, అది చేతికొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఆరు నెలలయింది. ఆ ఉక్రోషంతోనే శ్రీశైలం గద్వాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. పదమూడేళ్లు ఆ టకటకల మధ్యే బతికాడు. టైపు మిషన్ల రోజులు అయిపోయాయని ఊళ్లో అందరికంటే ఆలస్యంగా గ్రహించి, రెండువేల ఒకటిలో వాటిని పాత ఇనుముకు వేసి కంప్యూటర్లు తెచ్చాడు. లామినేషన్ మిషన్ మాత్రం మొదటిరోజే కొన్నాడు.

మంచి మనిషే గానీ చాదస్తం పాలు ఎక్కువ. కీబోర్డు మీద తువ్వాలు కప్పి టైపు చేయించేవాడు. తప్పు కొడితే పేజీ మొత్తం మళ్లీ మొదటినుంచి కొట్టించేవాడు. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే తప్పు చెరిగిపోతుంది గదా సార్ అని పిల్లలు మొత్తుకుంటే, "చెరిపేటిది అలవాటైతే చేతులు కుదరవు," అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లల వేళ్లు వానజల్లులా పడేవంటే అతిశయోక్తి కాదు. ఆయనకు అదే గొప్ప, అదే పొగరు కూడా.

రెండువేల నాలుగులో ఆయనకు పోటీ వచ్చింది. భానుప్రకాశ్ అని, వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివిన కుర్రవాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా ఒకే నెలలో బోర్డులు లేపాడు. స్టేషన్ రోడ్డులోని అతని సెంటర్‌కు అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, నోరు తిరగని కోర్సుల పేర్లు. శ్రీశైలం సెంటర్‌లో ఫ్యాను తిరిగితే సంతోషం.

పోటీ అన్నాక పుకార్లు రాకుండా ఉంటాయా? భానుప్రకాశ్ కంప్యూటర్లలో సగం వట్టి డబ్బాలే, తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చినప్పుడు తెరలు మాత్రం వెలిగిస్తాడట అని బస్టాండు హోటల్లో పుట్టింది. శ్రీశైలం సారు దగ్గర నేర్చుకుంటే టైపు మిషనే వస్తుంది గానీ కంప్యూటర్ రాదట అని స్టేషన్ రోడ్డులో పుట్టింది. రెండూ ఊరి మధ్యలో ఎదురుపడి, పలకరించుకుని, చెరో వైపు సాగిపోయాయి. ఒకసారి హోటల్లో ఎవరో, "నిజమేనా సారూ, ఆ పిలగాని దగ్గర అన్నీ ఉత్త డబ్బలేనంట?" అని అడిగితే శ్రీశైలం అవుననలేదు, కాదనలేదు. చాయ్ తాగుతూ నవ్వాడు. కాదనకుండా నవ్వడం కూడా ఒక రకంగా అవుననడమేనని ఆయనకు తెలియక కాదు. ఆ పూట ఆయనకు ఆ చాయ్ కాస్త తియ్యగా అనిపించింది, అంతే.

ఇవన్నీ ఈగల్లాంటి పుకార్లు. వాలేవి, తోలితే పోయేవి. రెండువేల ఆరు ఆగస్టులో వచ్చింది మాత్రం అలాంటిది కాదు.

ఆ నెల కొత్త బ్యాచ్‌కు ఇరవై నలుగురు పేర్లు రాయించుకుంటే, మొదటిరోజు వచ్చింది తొమ్మిది మంది. వానలేమో అనుకున్నాడు. వారం తర్వాత ఆరుగురే మిగిలారు. ధరూరు వైపు రైతు ఒకాయన కొడుకు పేరు తీసేయించుకోవడానికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి తలగోక్కున్నాడు.

"ఏమనుకోవద్దు సారూ. మీరిచ్చే సర్టిఫికెట్లు చెల్లవంట గద? కలర్ జిరాక్సులంట. పాలమూరు ఆఫీసుల పట్టుకున్నరంట."

"ఎవరన్నరు?"

"మా బామ్మర్ది చెప్పిండు."

"ఆయనకెవరు చెప్పిండ్రు?"

"ఏమో సారూ, బస్సుల అనుకుంటుండ్రంట. నిప్పు లేనిదే పొగ రాదంటరు గద."

శ్రీశైలానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం చేస్తాడు, వచ్చినాయన మర్యాదస్తుడు. పేరు కొట్టేసి పంపించాడు. ఫ్యాను సరిగా తిరగదని అనుకోనీ, పాత కంప్యూటర్లని అనుకోనీ. కానీ సర్టిఫికెట్ దొంగదంటే ఆయన దగ్గర ఇంకేం మిగిలినట్టు? అయిదేళ్లలో మూడు వందల పైచిలుకు పిల్లలు ఆయన చేతిమీదుగా ఆ కాగితం తీసుకుపోయారు. వాళ్లందరి ముఖాలూ ఆయన కళ్లముందు తిరిగాయి.

సెంటర్‌లో పేర్లు రాసుకునేది, ఫోను ఎత్తేది ఆయన భార్య వసంత. మాట తక్కువ, చూపు ఎక్కువ. "గుడ్డ కాల్చి మీదేసిండ్రు. ముందుగాల ఏసినోడెవడో చూడు, ఎన్కనే కోపం జేసుకో," అంది.

చూడడానికి ఏముంది? శ్రీశైలం మనసులో ముద్దాయి అప్పటికే తయారుగా ఉన్నాడు. పైగా రెండురోజులకే స్టేషన్ రోడ్డునుంచి రంగు కరపత్రం ఒకటి బయటికొచ్చింది. 'చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ కావాలా? మా వద్దకే రండి.' ఆ కాగితం పట్టుకుని శ్రీశైలం మొదటిసారి ఆ అద్దాల తలుపు తోశాడు.

భానుప్రకాశ్ లేచి నిలబడి కుర్చీ వేశాడు. కరపత్రం చూసి ముఖం కొంచెం ముడుచుకుంది.

"అన్నా, కాయితం ఏసింది నేనే. అబద్ధమెందుకు? నీ గిరాకి దిగిందని తెల్సింది, ఏసిన. కానీ ఆ మాట పుట్టిచ్చింది మాత్రం నేను గాదు."

"మరెవరు?"

"నా కాడికి వచ్చినోళ్లందరు మానవపాడు పేరే చెప్తుండ్రు. ఆ దిక్కు కూలోళ్లల్ల పుట్టింది మాట." అని, చాయ్ అందిస్తూ, "నావి ఉత్త డబ్బలని హోటల్ల అంటుంటే నువ్వు నవ్వినవంట గదన్నా. నేనేమన్న నీ మీదికొచ్చిన్నా?" అన్నాడు.

చల్లటి గదిలో కూడా శ్రీశైలం చెవులు వేడెక్కాయి. ఇచ్చిన చాయ్ తాగి లేచాడు.

మానవపాడు అనగానే ఆయనకు ఒక్కతే గుర్తొచ్చింది. కృప. డిగ్రీ చదువుతూ ఏడాది కోర్సు చేసిన పిల్ల. తండ్రి లేడు. తల్లి పుష్పమ్మ పొలం కూలికి పోతుంది, పనుల్లేని నెలల్లో కూలీల ముఠాతో వలస పోతుంది. కృప వేళ్లలాంటి వేళ్లు పదమూడేళ్ల టైపు మిషన్ల కాలంలో కూడా ఆయన చూడలేదు. ఏప్రిల్‌లో సర్టిఫికెట్ తీసుకుపోయింది, మళ్లీ కనబడలేదు. మరునాడు పొద్దున కర్నూలు ప్యాసింజర్ ఎక్కి మానవపాడులో దిగాడు.

ఇంటికి తాళం. పక్కింటి ముసలామె పత్తిచేలో ఉన్నారని దారి చూపింది. చేలో పదిమంది ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. తెల్ల చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడ్డ మనిషిని చూసి కొడవళ్లు ఆగాయి. వాళ్లలో ఒకామె లేచి నడుము పట్టుకుని నిలబడింది. పుష్పమ్మ.

"ఏం సారూ, గింత దూరమొచ్చినవ్? మా బిడ్డకు దొంగ కాయితమిచ్చినవంట గద."

ఆ మాట అందరి ముందూ అంది. కోపంతో కూడా కాదు, అలసటతో అంది. వెనక సాలులోంచి కృప పరుగున వచ్చింది. చేతులకు మన్ను, తలకు తువ్వాలు. తల్లిని ఊరుకోమని కసిరి, ఆయన్ను గట్టు చివరకు తీసుకుపోయి సంగతంతా చెప్పింది.

జిల్లా కేంద్రం పాలమూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం. టైపు పరీక్షలో కృపదే మొదటి స్థానం. కాగితాలు చూసే రోజున ఆఫీసరమ్మ ఈ సర్టిఫికెట్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, ఇది కలర్ జిరాక్స్, ఒరిజినల్ తీసుకురా అని పక్కన పెట్టేసింది. సెప్టెంబరు ముప్పై వరకు గడువిచ్చింది. కృప ఇంటికొచ్చి తల్లికి ఒక్కదానికే చెప్పింది. పుష్పమ్మ చేలో ఏడ్చింది. ముఠా ఆడవాళ్లు సాయంత్రం ఆటోల్లో తలో ఊరికీ పోతారు. మాట వాళ్లతోపాటే పోయింది.

"నాకెందుకు చెప్పలేదు బిడ్డా? నెల దాటిపాయె!"

కృప నేలచూపులు చూసింది. "ఎట్ల అడగాలె సార్? దొంగదిచ్చినవా అని మిమ్మల్ని అడగాల్నా?"

"అంటే నువ్వు గూడ నమ్మినవా?"

"నమ్మలే సార్. కాదని చెప్పెతందుకు నా కాడ ఏం లేకుండె."

శ్రీశైలానికి ఏడుపొచ్చింది. చేలో పదిమంది చూస్తుండగా ఏడవడం బాగుండదని గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి, "రేపు పాలమూరు పోదాం. ఆమె ఎందుకు వద్దన్నదో నేనే అడుగుత," అన్నాడు.

ఆఫీసరమ్మ నిదానస్తురాలు. కళ్లజోడు పైకి తోసుకుని శ్రీశైలం చెప్పిందంతా విన్నది. ఆయన సంస్థ పేరు చెప్పాడు, తన సెంటర్ నంబరు చెప్పాడు, కృప రోల్ నంబరు చెప్పాడు. పోట్లాటకే వచ్చాడు గనక గొంతు కొంచెం పెద్దదే అయింది. ఆమె ఒక ఫైలు తెరిచి, అదే సంస్థ సర్టిఫికెట్ ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టింది. అది నాగర్‌కర్నూల్ పిల్లవాడిది. వట్టి కాగితం, మూలలు కాస్త నలిగి ఉంది.

"దీని మీద చెయ్యి పెట్టి చూడండి. కుడిపక్క, కింద."

శ్రీశైలం బొటనవేలు పెట్టి చూశాడు. కాగితంలో రంగులేకుండా ఒత్తిన ముద్ర గుండ్రంగా, గరుకుగా తగిలింది. అక్షరాలు కూడా వేలికి తెలుస్తున్నాయి.

"ఇప్పుడు మీ అమ్మాయిది చూడండి."

చూశాడు. వేలు నున్నగా జారిపోయింది. మళ్లీ చూశాడు. ఇంకోసారి చూశాడు. వెలుగుకు పట్టి చూస్తే ముద్ర ఉన్న చోట పలచటి నీడ మాత్రం కనబడింది.

"ఒత్తుడు సీలు చేతికి తగలాలె సార్. కలర్ జిరాక్సుల అదొక్కటే రాదు. అందుకే మేము ఏలుతోటి చూస్తం. దీనికి సీలు లేనే లేదో, ఉండి అణిగిపోయిందో నేనెట్ల చెప్పాలె?" అని ఆమె ఆ ప్లాస్టిక్ అంచును గోటితో మీటింది. "వేడి లామినేషన్ చేస్తే ఒత్తిన ముద్రలు అణిగిపోతయ్. ఎవరు చేపిచ్చిండ్రిది?"

కృప సారు ముఖం వంక చూడలేదు. గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడింది.

"నేనే చేసిన మేడం," అన్నాడు శ్రీశైలం.

సంస్థ నుంచి ఉత్తరం తెస్తే సరిపోతుందా అని అడిగాడు. ఒరిజినలే కావాలంది ఆమె. ముప్పై తారీకు లోపల తెస్తే తప్పక తీసుకుంటానంది. "రూలు నేను రాయలే సార్," అని కూడా అంది. తిరుగు రైల్లో గురువూ శిష్యురాలూ ఎదురెదురు సీట్లలో కూర్చుని కృష్ణ వంతెన దాటేదాకా కిటికీ బయటికే చూశారు. తనకు చెదలు చేసిన పనే ఈ పిల్లకు తన చేతులు చేశాయి. చెదలకు కనీసం ఆకలి అనే సాకుంది. పైగా ఒక్క కృపకా? మూడు వందల పైచిలుకు కాగితాల ప్రాణం తనే మిషన్‌లో పెట్టి పిండేశాడు, చేతులు కడిగించి మరీ.

ఇంటికొచ్చి వసంతకు చెప్పాడు. ఆమె, "కృపది ఎంటనే సరిజేపిద్దాం. మిగిలినయి ఎవరన్న అడిగినప్పుడు చూస్కుందాం. ఇప్పుడు ఊరంత చాటితే, చూసిండ్రా, ఒప్పుకుండు అంటరు. ఉన్న ఆరుగురు గూడ పోతరు," అంది. తప్పేం లేదు ఆ మాటలో. ఊరు అనేది సగం మాటే వింటుందని ఆమెకు తెలుసు. కృపది ఒక్కటి సరిచేసి, నింద భానుప్రకాశ్ మీద వదిలేస్తే అడిగేవాడు లేడు. ఆ కరపత్రమే సాక్ష్యం.

"వాళ్లు అడిగేదెప్పుడు వసంతా? ఉద్యోగం చేతికొచ్చి, ఆఫీసుల కాయితం పక్కన పెట్టినప్పుడే గద అడుగుతరు. అప్పుడేం లాభం?" అన్నాడు. వసంత పేర్ల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

మరునాడు సెంటర్ కింద, రోడ్డు మీదికి కనబడేలా బోర్డు వెలిసింది. అక్షరాలు ఆయనే రాశాడు. 'మా సర్టిఫికెట్లు నిజమైనవే. నేను లామినేషన్ చేసి వాటి సీలు పాడుచేశాను. తప్పు నాది. తెచ్చి ఇస్తే ఖర్చు నేను పెట్టుకుని కొత్తవి తెప్పిస్తాను. శ్రీశైలం.' వసంత చెప్పినట్టే అయింది. జనం బోర్డు ముందు ఆగి, చదివి, తలలూపారు. ఒప్పుకున్నాడట అన్న మాట సాయంత్రానికి అయిజ దాకా పోయింది. కొత్త బ్యాచ్‌లో ఆరుగురు ముగ్గురయ్యారు.

శ్రీశైలం బండి వేసుకుని పల్లెలు తిరిగాడు. ఇటు ధరూరు, అటు గట్టు మండలం. కొందరు తిట్టి ఇచ్చారు, కొందరు మజ్జిగ ఇచ్చి మరీ ఇచ్చారు. ఒక ఊళ్లో సత్తెమ్మ అనే ఆమె అసలు ఇవ్వనే లేదు. కొడుకు సర్టిఫికెట్‌ను దేవుని పటాల పక్కన మేకు కొట్టి వేలాడదీసి, దానికి పసుపు బొట్టు పెట్టింది. "కొత్తదొస్తే రానియ్యి సారూ, పెట్టెల పెడ్త. గిది మాత్రం దింపను. ఎంత మెరుస్తున్నది చూడు," అంది. ఆమెకు సీలు గురించి ఎంత చెప్పినా ఎక్కలేదు. పాత కాగితం పంపనిదే సంస్థవాళ్లు కొత్తది ఇవ్వరు. చివరికి ఆ ఇంటినుంచి ఆయన ఓడిపోయి వచ్చాడు.

ఇంకో రోజు మధ్యాహ్నం భానుప్రకాశ్ వచ్చాడు. చేతిలో పెద్ద సంచి. కింద బోర్డు దగ్గర కాసేపు తచ్చాడి, ఎవరూ చూడడం లేదనుకున్నాక మెట్లెక్కాడు.

"అన్నా, కొత్త కాయితాల కోసం అర్జీ ఎట్ల రాయాలె?"

"ఎవరికి?"

భానుప్రకాశ్ సంచి బల్ల మీద బోర్లించాడు. తళతళలాడే సర్టిఫికెట్లు నూట ముప్పై దాకా జారాయి. "నువ్వు పుక్కట్ల చేసిస్తున్నవని పిల్లలంతా అడుగుతుంటే నేను గూడ మిషన్ కొన్న. నీది చూసే చేసిన్నన్నా," అన్నాడు దీనంగా.

శ్రీశైలం ఆరోజు చాలా దినాల తర్వాత నవ్వాడు. ఈసారి ఎవరినీ చూసి నవ్వింది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని అర్జీ తనే టైపు చేసిచ్చాడు. తర్వాత చాయ్ హోటల్లో ఎవరైనా వట్టి డబ్బాల సంగతి ఎత్తితే, "లేదు, నేను పోయి చూసిన, అన్ని నడుస్తున్నయ్," అనడం మొదలుపెట్టాడు.

ఇదంతా బాగానే ఉంది. కృప పని మాత్రం కాలేదు. శ్రీశైలం హైదరాబాద్ పోయి సంస్థ గుమ్మంలో రెండురోజులు కూర్చున్నాడు. వాళ్లు మంచిగానే మాట్లాడారు. కొత్తవి నెలకొకసారే అచ్చవుతాయి, ఒక్కదానికోసం వేయలేమన్నారు. అది గద్వాలకు వచ్చింది అక్టోబరు పదకొండున. ఒకటో తారీకునే ఆ ఉద్యోగంలో జాబితాలో రెండో పేరు వాళ్లు చేరిపోయారు.

కొత్త సర్టిఫికెట్ తీసుకుని ఆయన మళ్లీ మానవపాడు రైలెక్కాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడగట్టుకున్నాడు. ఇంటి ముందు పుష్పమ్మ జొన్నలు చెరుగుతోంది. కృప బావి నుంచి నీళ్లు తెచ్చి దించుతోంది. చూడగానే కూడగట్టుకున్నదంతా ఎగిరిపోయింది.

"నీ ఉద్యోగం నేను పోగొట్టిన బిడ్డా. నన్ను క్షమించుమని గూడ అడగలేను," అని కవరు చేతికిచ్చాడు.

కృప కవరు తెరిచి చూసి, మళ్లీ మూసింది. "నాకు కోపమొచ్చింది సార్. శానా వచ్చింది. ఇంక గూడ పోలే," అంది.

"ఉండాలె బిడ్డా. కోపముండాలె."

పుష్పమ్మ చేట కింద పెట్టింది. ఏమంటుందోనని శ్రీశైలం చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగాక కృపే మాట్లాడింది.

"జనవరిల మల్ల నోటిఫికేషన్ పడ్తదంట. మూన్నెలలాయె మిషన్ ముట్టక, వేళ్లు మొద్దువారినయ్. రేపటిసంది వస్త. మిషన్ ఖాళీ ఉంటదా?"

"అన్ని ఖాళీనే బిడ్డా," అన్నాడు శ్రీశైలం. అనగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఆపుకోలేదు.

మరునాడు పొద్దున తొమ్మిదికి కృప వచ్చింది. వెంట పుష్పమ్మ కూడా వచ్చింది. కూలి ఒకటి పోగొట్టుకుని ఎందుకొచ్చావమ్మా అని వసంత అడిగితే, "ఊకెనే," అంది. పైకి రమ్మంటే రాలేదు. బస్టాండుకు ఎదురుగా, సెంటర్ మెట్లలో కింది మెట్టు మీద, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. మానవపాడు బస్సు దిగినవాళ్లు, అలంపూర్ బస్సు దిగినవాళ్లు, ధరూరు ఆటోలు దిగినవాళ్లు అందరూ ఆమె ముందునుంచే పోవాలి. తెలిసిన ముఖాలు పలకరించాయి. ఆమె బదులు చెప్పింది గానీ కదల్లేదు.

పదకొండు గంటల వేళ గట్టు మండలం రైతు ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. బోర్డు రెండుసార్లు చదివి, పైకి చూసి, వెనక్కి తిరగబోయి, మెట్టు మీది ఆడమనిషిని అడిగాడు.

"ఏమమ్మా, ఈడిచ్చే సర్టిఫికెట్ చెల్లదంట గద?"

పైన కిటికీ దగ్గర శ్రీశైలం చెవి ఒగ్గి నిలబడ్డాడు. వెనక గదిలో కృప వేళ్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"చెల్లదని ఊరంత చెప్పింది నేనే," అంది పుష్పమ్మ, ఆయనకు దారి ఇస్తూ పక్కకు జరిగి. "నా బిడ్డ మీద్నే ఉన్నది, నేర్చుకుంటున్నది. చెప్పులీడ ఇడ్సి మీదికి పోండ్రి."